ఫొటోకూ కావాలి ఇస్లాహ్

ఈద్ నమాజ్ అయ్యీ కాగానే ఈద్‌గా బయట ఫోన్లన్నీ ఒకేసారి పైకి లేస్తాయి. సాయంత్రానికి ఒక్కో ఇంట్లో రెండు మూడొందల ఫొటోలు పోగవుతాయి. వాటిలో నలభై యాభై నేరుగా కుటుంబ వాట్సాప్ గ్రూపులోకి వెళ్లిపోతాయి. ఖాలా, ఫుప్పు, దుబాయ్‌లో ఉన్న మామూ అందరూ "మాషా అల్లాహ్" అని రాస్తారు. ఆ మాట దుఆ. వింటే మనసుకు హాయిగా ఉంటుంది. కానీ ఫొటో బాగా వచ్చిందా లేదా అన్న సంగతి అందులో ఉండదు. ముఖం చీకట్లో పడినా, తలమీద కరెంటు స్తంభం మొలిచినట్టు కనిపించినా అదే మాట వస్తుంది. ఏళ్ల తరబడి సరదాగా ఫొటోలు తీస్తున్నవాళ్లు చాలామంది మొదలుపెట్టిన చోటే ఉండిపోవడానికి ఇదో పెద్ద కారణం.

ఉర్దూ కవిత్వం తెలిసిన ఇళ్లలో దీనికి పాత మందు ఒకటుంది. అదే ఇస్లాహ్. శాగిర్ద్ తన గజల్ తెచ్చి ఉస్తాద్ ముందు పెడతాడు. ఉస్తాద్ ఒక చోట పదం మారుస్తాడు, ఇంకో చోట షేర్ మొత్తాన్నీ కొట్టేస్తాడు. ముషాయిరాలో దొరికే వాహ్ వాహ్ వేరు, ఇది వేరు. దాగ్ దెహల్వీ హైదరాబాద్‌లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు ఉస్తాద్. కుర్ర వయసులో ఇక్బాల్ తన గజళ్లను పోస్టులో దాగ్‌కు పంపి దిద్దించుకున్నారు.

మరి ఫొటోకు ఉస్తాద్ ఎవరు? కెమెరా పని తెలిసినవాళ్లు దొరికితే సరే, లేకపోయినా ఇబ్బంది లేదు. ఫొటోలో ఉన్నవాళ్లతో చుట్టరికం లేని మనిషి అయితే మేలు. అమ్మీకి చూపిస్తే కొడుకును చూస్తుంది గానీ ఫొటోను చూడదు కదా! ఇక అడిగే తీరు ముఖ్యం. "ఎలా ఉంది?" అంటే మర్యాదకైనా "బాగుంది" అనాల్సిందే. అందుకని "చూడగానే కన్ను ఎక్కడికి పోయింది?", "ఇందులో ఏం జరుగుతోంది అనిపిస్తోంది?" అని అడగాలి. అడిగాక నోరు కట్టుకోవాలి. ఇదే అన్నిటికంటే కష్టం. "అది కాదు భాయ్, ఇక్కడ వెలుగు చూడు" అని వివరించాల్సి వచ్చిందంటే, ఆ మాట ఫొటో చెప్పలేకపోయిందని అర్థం.

దాదా చేతి నుంచి చిన్నపాప ఈదీ అందుకుంటున్న ఫొటో ఉందనుకుందాం. తీసినవాళ్ల దృష్టంతా ఆ రెండు చేతుల మీదే ఉంది. చూసినవాళ్లు మాత్రం "వెనక ఆ ఎర్ర బకెట్ ఏంటి?" అన్నారు. కోపం తెచ్చుకుంటే లాభం లేదు. బకెట్ తీసేయక్కర్లేదు, రెండడుగులు పక్కకు జరిగినా, వంగి పాప ఎత్తు నుంచి తీసినా అది కనబడదు. ఇంకోటి చూడండి. తెల్ల కుర్తాల గుంపు మసకబారినట్టు రావడం, నల్ల షేర్వాణీ వేసుకున్న పెళ్లికొడుకు ముఖం వెలిసిపోయినట్టు రావడం మామూలే. ఫోను తెలుపునూ నలుపునూ మధ్యరకం వెలుగులోకి లాగాలని చూస్తుంది. తెరమీద ముఖాన్ని తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకో కిందికో జరిపితే చాలావరకు సరిపోతుంది. ఇలాంటివి ఒక్కోసారికి ఒక్కటే దిద్దుకోవాలి. పది తప్పులూ ఒకేసారి పట్టుకుంటే కెమెరా మూల పడేయాలనిపిస్తుంది.

ఇస్లాహ్ ఇతరులు చేసేది. ఇంతిఖాబ్, అంటే ఏరుకోవడం, ఎవరికి వాళ్లు చేసుకోవాల్సింది. గాలిబ్ ఉర్దూ దీవాన్ 1841లో అచ్చయింది. అందులోకి ఆయన తన తొలినాళ్ల షేర్లు చాలావాటిని రానివ్వలేదు. ఫొటోల్లోనూ అంతే. అమెరికా అంతా తిరిగి 1955-57 మధ్య రాబర్ట్ ఫ్రాంక్ తీసినవి దాదాపు 28 వేలు, చివరికి పుస్తకంలోకి ఎక్కినవి 83.

ఏరడం ఎప్పుడన్నది అసలు కిటుకు. తీసిన రాత్రే ఏరితే ఆ రోజు సంతోషం ఫొటోకు అంటుకుని ఉంటుంది. గ్యారీ వినోగ్రాండ్ అనే అమెరికా ఫొటోగ్రాఫర్ ఆ ముచ్చట చల్లారాలని ఏడాదికి పైగా ఆగి మరీ రీళ్లు కడిగేవాడు. అంత ఓపిక మనకు అక్కర్లేదు గానీ, రంజాన్ పండుగ ఫొటోలను బక్రీద్ ముందు కూర్చుని ఏరొచ్చు. రెండు నెలల పది రోజులు గడిస్తే ఏది నిలబడిందో తెలిసిపోతుంది. పక్కన పెట్టినవాటికి ఒక్కో మాటలో కారణం రాసుకుంటే ఇంకా మంచిది: "దూరం", "కదిలింది", "వెనక గోల". ఒకే మాట ఇరవైసార్లు వచ్చిందంటే వచ్చే పండుగకు నేర్చుకోవాల్సింది అదే.

అయితే పక్కన పెట్టడం వేరు, చెరిపేయడం వేరు. గాలిబ్ వద్దనుకున్న షేర్లు భోపాల్‌లో ఒక రాతప్రతిలో దొరికి 1921లో అచ్చయ్యాయి. జనం వాటినీ ప్రేమగా చదువుతున్నారు. దాదా నవ్వుతున్న ఫొటో మసకగా ఉండొచ్చు, కానీ ఆయన నవ్వింది ఆ ఒక్క ఫొటోలోనే కావచ్చు. పనితనం చూపే ఫొటోలు ఒక ఫోల్డర్‌లో, జ్ఞాపకాలు ఇంకో ఫోల్డర్‌లో ఉంచుకుంటే ఈ గొడవే ఉండదు.

ఇంటి ఆడవాళ్ల ఫొటోలు బయటివాళ్లకు చూపి సలహా అడగాలంటే ముందు వాళ్లను అడగాలి. ఇది కొత్త సమస్య కాదు. ఆరో నిజాం నుంచి ముసవ్విర్ జంగ్ బిరుదు పొందిన రాజా దీన్‌దయాళ్ 1892లోనే హైదరాబాద్‌లో పర్దానషీన్ స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచి, ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. ఎవరైనా వద్దంటే సాధనకు వేరేవి బోలెడున్నాయి. సేమియా కలుపుతున్న చెయ్యి, గుమ్మం దగ్గర చెప్పులు, లాడ్ బజార్ గాజుల మీద పడే దీపాల వెలుగు.

ఏడాదికోసారి ఓ పన్నెండు ఫొటోలు పోస్టుకార్డు సైజులో ప్రింటు వేయించి దస్తర్‌ఖాన్ తీశాక చాప మీద పరిస్తే బాగుంటుంది. ఫోనులో వేలితో నెట్టేసే ఫొటోను చేతిలో పట్టుకుంటే తీరిగ్గా చూస్తారు. ఇంట్లో ఒక్కొక్కరినీ ఒక్కో ఫొటో తీసేయమనాలి, ఎందుకు తీసేశారో అడిగి వెనకవైపు రాసుకోవాలి.