‘ఇప్పుడేం చేస్తున్నావ్?’ జవాబు సిద్ధంగా ఉందా?

పరీక్షలైపోయాయి. ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికొచ్చింది. క్యాంపస్‌లో సెలెక్టయిన స్నేహితులు ఒక్కొక్కరే హైదరాబాద్, బెంగళూరు బస్సెక్కేశారు. మిగిలినవాళ్లను మాత్రం ఒకటే ప్రశ్న వెంటాడుతుంటుంది. పెళ్లికెళ్తే మేనత్త, కిరాణా కొట్టుకెళ్తే పక్కింటి అంకుల్... అందరిదీ ఒకటే మాట: ‘ఇప్పుడేం చేస్తున్నావ్?’ ‘ట్రై చేస్తున్నా’ అని తప్పించుకుంటారు. చిత్రమేంటంటే, రేపు ఇంటర్వ్యూలో హెచ్‌ఆర్ అడిగేదీ ఇదే ప్రశ్న. అక్కడ ‘ట్రై చేస్తున్నా’ అంటే కుదరదు.

చదువైపోయాక మొదటి ఉద్యోగానికి ఆర్నెల్లో, ఏడాదో పట్టడం తప్పేమీ కాదు. ఆ కాలానికి లెక్క చెప్పలేకపోవడంతోనే అసలు చిక్కు. ఆ లెక్క ఎలా రాసుకోవాలో, ఏ దారుల్లో వెళ్లకూడదో చూద్దాం.

మీరొక్కరే కాదు

కేంద్ర గణాంక శాఖ విడుదల చేసిన శ్రామిక శక్తి సర్వే ప్రకారం 2023 జులై నుంచి 2024 జూన్ వరకు దేశంలో 15 ఏళ్లు దాటినవారిలో నిరుద్యోగ రేటు 3.2 శాతం. 15-29 ఏళ్ల యువతలో మాత్రం అది 10.2 శాతం. అంటే మూడు రెట్లకు పైనే. పైగా చదువు పెరిగేకొద్దీ ఈ రేటు కూడా పెరుగుతోంది. ‘వాడికొచ్చింది, నాకెందుకు రాలేదు’ అని రాత్రంతా పైకప్పు చూస్తూ పడుకునే ముందు ఈ అంకెల్ని ఓసారి గుర్తుచేసుకోండి. మార్కెట్ బిగుసుకున్నప్పుడు మొదట ఆగిపోయేది ఫ్రెషర్ల నియామకాలే. ఉన్న ఉద్యోగిని తీసేయడం కంటే కొత్తవాళ్లను తీసుకోకపోవడం కంపెనీకి తేలిక. ఆఫర్ లెటర్ చేతిలో ఉండి, జాయినింగ్ తేదీ కోసం నెలల తరబడి ఎదురుచూస్తున్నవాళ్లూ ఉన్నారు.

ఎక్కడ ఆగిపోతున్నారు?

ఉద్యోగం రావట్లేదంటే చాలామందికి తట్టే మందు ఒక్కటే: ఇంకో కోర్సు. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర దిగితే చేతిలో పెట్టే కరపత్రాలకు కొదవుండదు. జావా అయ్యాక పైథాన్, పైథాన్ అయ్యాక డేటా సైన్స్. అసలు జబ్బేంటో తెలియకుండా మందులు మార్చడం లాంటిదే ఇది. ముందు మీరు ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నారో కనిపెట్టండి.

దరఖాస్తులు పెడుతున్నా పిలుపు రావట్లేదా? అయితే లోపం రెజ్యూమెలోనో, దరఖాస్తు పెట్టే తీరులోనో ఉండొచ్చు. చాలా కంపెనీలు టెన్త్, ఇంటర్, డిగ్రీ మూడింటిలో 60 శాతం, బ్యాక్‌లాగ్స్ లేకపోవడం లాంటి షరతులు పెడతాయి. ఇవి దాటనివాటికి వంద దరఖాస్తులు పంపినా ఫలితముండదు. అలాంటి షరతుల్లేని చిన్న, మధ్యతరహా కంపెనీలను వెతకాలి. ఒకే రెజ్యూమెను అందరికీ పంపకుండా ఉద్యోగ ప్రకటనలో అడిగిన నైపుణ్యాలను బట్టి మార్చుకోవాలి. ఇప్పటికే ఉద్యోగంలో చేరిన సీనియర్లను రిఫరల్ అడగడానికి మొహమాటపడొద్దు. ‘అన్నా, మీ కంపెనీలో ఫలానా ఓపెనింగ్ ఉంది, జాబ్ ఐడీ ఇదీ, నా రెజ్యూమె పంపుతున్నా’ అని సూటిగా మెసేజ్ పెట్టండి. ‘ఏదైనా జాబ్ ఉంటే చూడన్నా’ అంటే ఎవరూ ఏమీ చేయలేరు.

పిలుపొస్తోంది కానీ రాతపరీక్షలోనే పోతోందా? అయితే కొత్త టెక్నాలజీ నేర్చుకున్నా లాభం లేదు. ఫ్రెషర్లకు పెట్టే పరీక్షల్లో ఎక్కువగా అరిథ్‌మెటిక్, రీజనింగ్, ఇంగ్లిష్ ఉంటాయి. ఐటీ అయితే ఒకట్రెండు కోడింగ్ ప్రశ్నలుంటాయి. రోజుకు రెండు గంటలు గడియారం పెట్టుకుని సాధన చేస్తే రెండు నెలల్లో తేడా తెలుస్తుంది.

ఇంటర్వ్యూ దాకా వెళ్లి వెనక్కొస్తున్నారా? బయటికొచ్చిన పది నిమిషాల్లో అడిగిన ప్రతి ప్రశ్నా రాసిపెట్టుకోండి. నాలుగైదు ఇంటర్వ్యూలయ్యాక ఆ కాగితం మీదే మీ లోపం కనిపిస్తుంది. చాలామంది తడబడేది ఫైనలియర్ ప్రాజెక్టు దగ్గరే. కొనుక్కొచ్చిన ప్రాజెక్టు అయితే రెండో ప్రశ్నకే దొరికిపోతారు. ఇప్పుడైనా దాన్ని మొదటినుంచి సొంతంగా చేసి చూడండి. కొత్త సర్టిఫికెట్ కంటే అదే ఎక్కువ ఉపయోగపడుతుంది.

బ్యాచ్ గడియారం

ఆఫ్ క్యాంపస్ ప్రకటనల్లో ‘ఫలానా సంవత్సరం పాసైనవారే అర్హులు’ అనే వాక్యం తప్పనిసరిగా కనిపిస్తుంది. ఎక్కువగా ఆ ఏడాది, ముందటేడాది బ్యాచ్‌లకే అవకాశమిస్తారు. అంటే ఫ్రెషర్ అన్న గుర్తింపుకు గడువుంది. ‘ముందు ఆర్నెల్లు కోర్సు పూర్తిచేసి, బాగా ప్రిపేరయ్యాక అప్లై చేస్తా’ అనుకునేవాళ్లు నష్టపోయేది ఇక్కడే. నేర్చుకోవడం, దరఖాస్తు చేయడం పక్కపక్కనే సాగాలి.

నేర్చుకోవడానికి వేలకు వేలు పోయాల్సిన పనీ లేదు. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ కావాలనుకుంటేనే పరీక్ష ఫీజు కట్టాలి. తెలంగాణలో టాస్క్, ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ శిక్షణలు ఇస్తున్నాయి, జాబ్ మేళాలూ పెడుతున్నాయి. కేంద్రం నడిపే నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో పేరు నమోదుకు రూపాయి ఖర్చు లేదు.

ఖాళీ ఏడాదిని నింపే అప్రెంటిస్‌షిప్

మన దగ్గర డిగ్రీ చదివినవాళ్లు పెద్దగా పట్టించుకోని దారి ఇది. ‘అప్రెంటిస్ అంటే ఐటీఐ వాళ్లకి కదా’ అనుకుంటారు. 1961 నాటి అప్రెంటిస్ చట్టాన్ని 1973లో సవరించి ఇంజినీరింగ్ గ్రాడ్యుయేట్లను, డిప్లొమా చేసినవారిని కూడా చేర్చారు. ఇప్పుడు బీఏ, బీకాం, బీఎస్సీ వారికీ అవకాశాలున్నాయి. నాట్స్ పోర్టల్‌లో నమోదు చేసుకుంటే శిక్షణ ఇచ్చే సంస్థల వివరాలు కనిపిస్తాయి. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ లాంటి ప్రభుత్వ రంగ సంస్థలు గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌ల కోసం ప్రకటనలు ఇస్తుంటాయి. శిక్షణ ఏడాది. నెలనెలా స్టైపెండ్ వస్తుంది. పూర్తయ్యాక ప్రభుత్వ ధ్రువపత్రం ఇస్తారు.

రెండు విషయాలు ముందే తెలుసుకోండి. శిక్షణ అయ్యాక అక్కడే ఉద్యోగం ఇవ్వాలన్న నిబంధన లేదు. ఇప్పటికే ఏడాది ఉద్యోగానుభవం ఉన్నవారికి ఈ అవకాశం రాదు. కాబట్టి ఇది కాలేజీ నుంచి అప్పుడే బయటికొచ్చినవాళ్లు వాడుకోవాల్సిన మెట్టు. హెచ్‌ఆర్ అడిగే ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు ఉండదు.

సర్కారు కొలువే కావాలంటే...

కోరుకోవడంలో తప్పు లేదు. కాకపోతే అక్కడ కాలం మన చేతిలో ఉండదు. తెలంగాణ గ్రూప్-1నే చూడండి. 503 పోస్టులకు 2022 ఏప్రిల్‌లో నోటిఫికేషన్ వచ్చింది. ఆ అక్టోబర్‌లో జరిగిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెట్టిన పరీక్షనూ హైకోర్టు రద్దు చేసింది. చివరికి 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు. ఇందులో అభ్యర్థుల తప్పేమీ లేకపోయినా, వారి వయసులో రెండేళ్లు కరిగిపోయాయి.

అందుకే ప్రిపరేషన్ మొదలుపెట్టే రోజే ముగింపు తేదీ కూడా రాసుకోండి. ‘రెండు ప్రయత్నాలు’ అనో, ‘వచ్చే ఏడాది డిసెంబర్ వరకు’ అనో గీత గీసుకోండి. ఆ లోపు ట్యూషన్లో, పార్ట్‌టైమ్ ఉద్యోగమో ఏదో ఒక పనిలో ఉంటే చేతిఖర్చుకు ఇంట్లో అడగాల్సిన అవసరం తగ్గుతుంది. రెజ్యూమెలో ఖాళీ కూడా పడదు.

దొడ్డిదారిలో దగా

ఎదురుచూపు ఎనిమిది నెలలు దాటేసరికి ఎవరో ఒకరు చెవిలో ఊదుతారు. ‘రెండు లక్షలు కట్టు, పెద్ద కంపెనీలో బ్యాక్‌డోర్ ఉంది.’ ఇంట్లో అమ్మ గొలుసు తాకట్టు పెట్టడానికీ సిద్ధపడుతుంది. ఇక్కడే ఆగండి.

ఉద్యోగం ఇచ్చేవాళ్లు డబ్బు అడగరు. రీఫండబుల్ డిపాజిట్, ల్యాప్‌టాప్ సెక్యూరిటీ, ట్రైనింగ్ ఫీజు... ఏ పేరుతో అడిగినా అనుమానించాల్సిందే. ఆఫర్ లెటర్ మామూలు జీమెయిల్ నుంచి వచ్చినా, పరీక్షా ఇంటర్వ్యూ లేకుండా ‘సెలెక్టయ్యారు’ అన్నా నమ్మొద్దు. మూడు నెలలు జీతమిచ్చి, ఆ తర్వాత బోర్డు తిప్పేసే కంపెనీల సంగతి హైదరాబాద్‌లో కొత్తేమీ కాదు. చేరేముందు రెండు పనులు చేయండి. కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో కంపెనీ ఎప్పుడు నమోదైందో చూడండి. ఈపీఎఫ్‌వో సైట్‌లోని సంస్థల వివరాల విభాగంలో పేరు కొట్టి, ఆ కంపెనీ ఎంతమందికి పీఎఫ్ కడుతోందో చూడండి. ‘ఐదొందల మంది ఉద్యోగులం’ అనేవాళ్లు పదిమందికే పీఎఫ్ కడుతుంటే విషయం అర్థమైపోతుంది.

ఫేక్ ఎక్స్‌పీరియన్స్ కూడా ఇలాంటి ఊబే. మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు పుట్టించి, ఎక్కువ జీతానికి చేరిపోవచ్చని ఆశపెడతారు. కానీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో మొదట చూసేవాటిలో యూఏఎన్, పీఎఫ్ సర్వీస్ హిస్టరీ ఉంటాయి. పని చేయని మూడేళ్లకు అవి ఎక్కడినుంచి వస్తాయి? చేరిన రెండేళ్లకు బయటపడినా ఉద్యోగం పోతుంది. నకిలీ పత్రాలు వాడటం నేరం కూడా. అప్పుడు నిజంగా చేసిన రెండేళ్ల అనుభవాన్ని కూడా చెప్పుకోలేని పరిస్థితి వస్తుంది.

విదేశీ ఆశలు ఇంకా ప్రమాదం. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి మన కుర్రాళ్లను కంబోడియా తీసుకెళ్లి, సైబర్ నేరాలు చేయించిన ముఠా గుట్టును 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు. ఏజెంటుకు లైసెన్స్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడకుండా పాస్‌పోర్ట్ ఎవరి చేతిలోనూ పెట్టొద్దు. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును బ్యాంకులో ఆపే అవకాశం అంత ఎక్కువ.

చిన్న ఉద్యోగమైతే చేరాలా?

మెకానికల్ చదివి టెక్నికల్ సపోర్ట్‌కు, బీఎస్సీ లైఫ్ సైన్సెస్ చేసి మెడికల్ కోడింగ్‌కు వెళ్తున్నవాళ్లు ఎందరో. ‘ఇంత చదివి ఇదా?’ అనే మాట వినాల్సి వస్తుంది. చేరాలా వద్దా అనేది జీతంతో మాత్రమే తేల్చుకోవద్దు. మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇక్కడ నేర్చుకునేది తర్వాతి ఉద్యోగానికి పనికొస్తుందా? పేస్లిప్, పీఎఫ్ ఇస్తారా? షిఫ్ట్ అయ్యాక చదువుకోవడానికి రోజుకో గంట మిగులుతుందా? రెండింటికి ‘అవును’ అన్న జవాబొస్తే చేరడమే మేలు. ఇంట్లో కూర్చుని వెతికేవాళ్ల కంటే పని చేస్తూ వెతికేవాళ్లు ధైర్యంగా మాట్లాడతారు.

బాండ్ ఉంటే మాత్రం ప్రతి పేరా చదివాకే సంతకం పెట్టండి. ‘బాండ్లు కోర్టులో చెల్లవులే’ అన్న మాట నమ్మొద్దు. మూడేళ్లు నిండకుండా వెళ్లిపోతే రూ.2 లక్షలు చెల్లించాలన్న విజయా బ్యాంక్ షరతును సుప్రీంకోర్టు 2025 మేలో సమర్థించింది. అన్ని బాండ్లూ ఒకేలా ఉండవు కాబట్టి ఎంత కాలం, ఎంత సొమ్ము, ఏ కారణాలకు మినహాయింపు అన్నది చూసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గరే ఉంచాలంటే ఒప్పుకోవద్దు. చూపించి, జిరాక్స్ ఇస్తే చాలు.

ఇంట్లో ఏం చెప్పాలి?

బయటివాళ్ల మాటల కంటే ఇంట్లో నిశ్శబ్దం ఎక్కువ బాధపెడుతుంది. నాన్న ఏమీ అనరు. కానీ టీవీ సౌండ్ తగ్గించి మీ ఫోన్ మాటలు వింటుంటారు. ఆయనకు కావాల్సింది రేపే ఉద్యోగం తెస్తానన్న మాట కాదు, మీ దగ్గర ఓ దారి ఉందన్న నమ్మకం. ఓ ఆదివారం కూర్చోబెట్టి చెప్పండి. ‘నాన్నా, నెలకు నలభై అప్లికేషన్లు పెడుతున్నా. టెస్టుల్లో ఆగిపోతున్నా, అందుకే ఆప్టిట్యూడ్ చేస్తున్నా. అప్రెంటిస్‌షిప్‌కీ అప్లై చేశా. మార్చిలోగా మంచి ఆఫర్ రాకపోతే సపోర్ట్ జాబ్‌లో చేరిపోతా.’ ఇలా చెబితే రోజూ ‘ఏమైందిరా’ అనే ప్రశ్న తగ్గుతుంది. చెప్పిన తేదీకి కట్టుబడటం మాత్రం మీ వంతు.

ఈ వారమే మొదలుపెట్టండి

* ఓ నోట్‌బుక్‌లో తేదీ, కంపెనీ, ఉద్యోగం, ఎక్కడ ఆగింది అనే నాలుగు గడులు గీయండి. పెట్టిన ప్రతి దరఖాస్తునూ అందులో రాయండి.
* నాట్స్, నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టళ్లలో పేరు నమోదు చేసుకోండి.
* ఉద్యోగంలో ఉన్న ఐదుగురు సీనియర్లకు, ఐదు నిర్దిష్టమైన జాబ్ ఐడీలతో మెసేజ్ పెట్టండి.
* ఫైనలియర్ ప్రాజెక్టును అద్దం ముందు నిలబడి రెండు నిమిషాల్లో చెప్పడం సాధన చేయండి.
* మీతోపాటే వెతుకుతున్న ఇద్దరు స్నేహితులతో వారానికోసారి కూర్చుని, నోట్‌బుక్‌లు మార్చుకుని చదవండి. మన లోపం మనకంటే ముందు పక్కవాళ్లకే కనిపిస్తుంది.