త్రిభుజాలతో కట్టిన చర్చి

2014లో వెలువడిన 'అసాసిన్స్ క్రీడ్ యూనిటీ' అనే వీడియో గేములో పారిస్ నగరపు నోత్రదామ్ చర్చి కనిపిస్తుంది. కథ జరిగేది ఫ్రెంచి విప్లవకాలంలో. అయితే చర్చి కప్పుపై నిలిచిన సన్నని శిఖరం మాత్రం ఆ కాలానిది కాదు. వాస్తుశిల్పి వియొలె ల ద్యూక్ రూపొందించిన ఆ శిఖరం 1859లో వెలసినది. చరిత్రకారులు దీనిని పొరపాటంటారు. కాని శిఖరం లేని నోత్రదామ్‌ను నేటివారెందరు పోల్చుకోగలరు? కట్టడాన్ని కన్ను మొదట ఆనవాలు పట్టేది దాని బాహ్యరేఖతోనే. కంప్యూటరులో భవనాలను నిర్మించేవారికి ఇది తొలి పాఠం.

తెరపై కనిపించే ప్రతి కట్టడమూ చిన్న చిన్న త్రిభుజాల కూర్పు. ఆట సాగినంతసేపూ యంత్రం వాటన్నిటినీ సెకనుకు 30 సార్లో, 60 సార్లో కొత్తగా గీయాలి. అందుచేత నిర్మాత పొదుపరి కాక తప్పదు. ఒక పెట్టె, రెండు బురుజులు, ఏటవాలు కప్పు: కొద్దిపాటి త్రిభుజాలతోనే చర్చి నిలుస్తుంది, కాని అట్టబొమ్మ వలె ఉంటుంది. అనుభవం లేనివాడు వెంటనే త్రిభుజాలను గుమ్మరిస్తాడు. గోడలోని ప్రతి రాయినీ విడిగా చెక్కుతాడు. యంత్రం రొప్పుతుంది. అట్టబొమ్మ అట్టబొమ్మగానే మిగులుతుంది.

నేర్పరి తన త్రిభుజాలను ఆకాశానికి ఎదురుగా కనబడే చోట ఖర్చు చేస్తాడు: శిఖరం, బురుజుల కొసలు, గోడలను వెలుపలినుండి ఆనుకొని నిలబెట్టే రాతి కమానులు. మూలలను కాస్త చెక్కివేస్తాడు. కత్తి అంచు వంటి రాతిమూల లోకంలో లేదు. సన్నని ఏటవాలు పట్టీ ఒకటి ఉంటే వెలుగు అక్కడ పట్టుకొని రాయికి బరువు వస్తుంది.

మరి మిగిలిన గోడ మాటేమిటి? 1974లో యూటా విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ కాట్‌మల్ ఆకారాలపై చిత్రాన్ని అతికే పద్ధతిని చూపారు. అయితే అతికిన చిత్రంలోని నీడలు దీపం కదిలినా కదలవు. 1978లో జేమ్స్ బ్లిన్ మరొక ఉపాయం కనిపెట్టారు. ఉపరితలాన్ని మార్చనక్కరలేదు, అది ఏ దిక్కుకు తిరిగి ఉన్నదో లెక్కలో కొద్దిగా మార్చితే చాలు, ఎగుడుదిగుడులు ఉన్నట్లే వెలుగునీడలు పడతాయి. నేడు శిల్పాలను లక్షల త్రిభుజాలతో తీరికగా చెక్కి, ఆ ఎగుడుదిగుడులను పటంగా భద్రపరచి, తేలికపాటి నమూనాపై పరుస్తున్నారు. చక్కని మోసమే! కాని ప్రక్కనుండి చూస్తే తిన్నని అంచు గుట్టు బయటపెడుతుంది.

పదార్థమంటే రంగు మాత్రమే అనుకోవడం మరొక పొరపాటు. నోత్రదామ్ సున్నపురాయి గరుకైనది. వెలుగును నలుదిక్కులా చెదరగొడుతుంది. కప్పుపై పరచిన సీసం లోహమే అయినా వానకు, ఎండకు మెరుపు కోల్పోయినది. రెండింటికీ ఒకే నునుపు ఇచ్చితే చర్చి అంతా ప్లాస్టిక్ అవుతుంది. చూరు క్రింది మసి, వాన కడిగిన చార ఎక్కడ ఉండాలో తెలియాలంటే నిజమైన గోడ ముందు చాలాసేపు నిలబడి చూడవలసినదే.

అమెరికన్ కళాచరిత్రకారుడు ఆండ్రూ టాలన్ ఆ పని లేజరుతో చేశారు. 50కి పైగా స్థానాలనుండి 100 కోట్లకు పైగా బిందువులను కొలిచారు. చర్చి పశ్చిమభాగంలో లోపలి స్తంభాలు తిన్నని వరుసలో లేవని ఆ కొలతలు తెలిపినవి. ఒక స్తంభం చేసి ప్రతులు తీసి వరుసగా నిలిపే నమూనాకారునికి ఇది ఎన్నడూ తోచదు.

2019 ఏప్రిల్ 15న మంటలు లేచి, ఓకు దూలాల కప్పు కాలి, శిఖరం కూలిపోయినది. గేములోని నమూనా పునర్నిర్మాణానికి ఉపకరిస్తుందని అప్పట్లో వార్తలు వ్యాపించినవి. కాని కంటికోసం చేసినది కొలతకు అందదు. వాస్తుశిల్పులకు అక్కరకు వచ్చినది టాలన్ బిందువుల రాశి. 2024 డిసెంబరులో చర్చి తలుపులు తిరిగి తెరుచుకొన్నవి, కప్పుపై శిఖరం మళ్లీ నిలిచినది. టాలన్ మాత్రం మంటలకు 5 నెలల ముందే, 2018 నవంబరులో, కన్నుమూశారు.