ఉండేది అమెరికాలోనే.. కానీ రోడ్డు మీద వెళ్లాలంటే కెనడా దాటాల్సిందే! ఎక్కడుందీ ఊరు?

అమెరికా మ్యాప్ ఒకసారి జూమ్ చేసి చూడండి. పైన కెనడాతో సరిహద్దు చాలా దూరం స్కేలు పెట్టి గీసినట్టు నిటారుగా ఉంటుంది. అదే 49వ అక్షాంశం. మిన్నెసోటా దగ్గర మాత్రం ఆ గీత దాటి చిన్న ముక్క ఒకటి పైకి పొడుచుకొచ్చినట్టు కనిపిస్తుంది. అదే నార్త్‌వెస్ట్ యాంగిల్. అలాస్కాను పక్కన పెడితే అమెరికాలో ఇంతకంటే ఉత్తరాన ఇంకో చోటు లేదు.

పాలనాపరంగా దీని పేరు యాంగిల్ టౌన్‌షిప్. మన పంచాయతీ లాంటిదే అనుకోండి. మొత్తం విస్తీర్ణం సుమారు 1,544 చదరపు కిలోమీటర్లు. ఇందులో నేల 319 మాత్రమే, మిగతాదంతా 'లేక్ ఆఫ్ ది వుడ్స్' అనే పెద్ద సరస్సు నీళ్లే! ఆ సరస్సులో 14 వేలకు పైగా దీవులున్నాయి. మరి జనం ఎంతమంది? 2000 జనాభా లెక్కల్లో 152 మంది. 2010 నాటికి 119కి తగ్గారు. హైదరాబాద్‌లో ఒక్క అపార్ట్‌మెంట్ బ్లాకులోనే ఇంతకంటే ఎక్కువ మంది ఉంటారు. పైగా ఇక్కడి నేలలో దాదాపు 70 శాతం రెడ్ లేక్ ఓజిబ్వే ఆదివాసీ తెగకు చెందింది. అదంతా ఎక్కువగా అడవి, చిత్తడి నేలే.

అసలు ఈ ముక్క అమెరికాకు ఎలా వచ్చింది? ఒక తప్పుడు మ్యాప్ వల్ల! 1783లో బ్రిటన్, అమెరికా పారిస్ ఒప్పందం చేసుకున్నాయి. అప్పుడు వాళ్ల ముందున్నది జాన్ మిచెల్ 1755లో వేసిన మ్యాప్. ఈ సరస్సు వాయవ్య కొస నుంచి నేరుగా పడమరకు గీత గీస్తే మిసిసిపీ నది తగులుతుందనుకున్నారు. ఆ నది పుట్టిన చోటు ఉండాల్సిన మూలన మ్యాప్‌లో వేరే చిన్న పటం అతికించి ఉంది మరి. నిజానికి మిసిసిపీ పుట్టేది చాలా దక్షిణాన. పడమరకు ఎంత దూరం గీసినా ఆ గీత నదికి తగలదు. దీంతో 1818లో కొత్త ఒప్పందం చేసుకున్నారు. సరస్సు కొస నుంచి కిందికి 49వ అక్షాంశం దాకా ఒక గీత దించారు. ఆ గీతకు తూర్పున ఉన్న ఈ నేల అమెరికాకు మిగిలిపోయింది.. మిగతా దేశంతో నేల మీద కలవకుండా!

కాగితం మీద ఇది సరదాగానే ఉంటుంది. అక్కడ బతికేవాళ్లకే తెలుసు కష్టం. రోడ్డు మీద వెళ్లాలంటే ముందు కెనడాలోని మానిటోబాలోకి దాటాలి. అడవుల మధ్య ప్రయాణించి మళ్లీ అమెరికాలోకి రావాలి. ఈ రెండో సరిహద్దు దగ్గర ఆఫీసర్లు కూర్చుని ఉండరు. 'జిమ్స్ కార్నర్' అనే చోట చిన్న బూత్‌లోంచి ఫోన్ చేసి 'వచ్చాం' అని చెప్పుకోవడం ఇక్కడ చాలా ఏళ్లుగా ఉన్న పద్ధతి. ఊళ్లో ఉన్నది ఒకే గదిలో నడిచే ప్రాథమిక పాఠశాల. పై తరగతులకు పిల్లలు వారోడ్ అనే పట్టణానికి వెళ్లాలి. అంటే రోజూ స్కూలు కోసం సరిహద్దులు దాటాలన్నమాట.

బతుకుతెరువు ఎక్కువగా చేపల వేటకు వచ్చే టూరిస్టులు, వాళ్ల కోసం నడిపే రిసార్టులే. అందుకే 1990ల చివర్లో కెనడా వైపు నీళ్లలో చేపలపై ఆంటారియో పెట్టిన ఆంక్షలు పెద్ద గొడవకు దారితీశాయి. 'మేం కెనడాలో కలిసిపోతాం' అని కొందరు అన్నారు కూడా. దానిపై ఓటింగ్‌కు వీలు కల్పించాలని 1998లో కాంగ్రెస్ సభ్యుడు కాలిన్ పీటర్సన్ ప్రతిపాదించారు. అది ముందుకు సాగలేదు.

కరోనా టైమ్‌లో మాత్రం దెబ్బ గట్టిగా తగిలింది. 2020 మార్చిలో కెనడా సరిహద్దు మూసేయడంతో టూరిస్టులకు రోడ్డు దారి తెగిపోయింది. అప్పుడు స్థానికులు చేసిన పని చూడండి.. 2021 చలికాలంలో గడ్డకట్టిన సరస్సు మీదే, కెనడా నేల తగలకుండా, పదుల కిలోమీటర్ల మంచు రోడ్డు వేసుకున్నారు! అయితే వసంతం రాగానే ఆ రోడ్డు కరిగిపోతుంది. అమెరికన్ టూరిస్టులకు కెనడా మళ్లీ గేట్లు తెరిచింది ఆ ఏడాది ఆగస్టులోనే.

అమెరికాలో ఉంటున్న మనవాళ్లు ఎవరైనా చూడ్డానికి వెళ్దామనుకుంటే ఒక మాట. భారత పాస్‌పోర్టుతో హెచ్1బీ మీద ఉన్నవాళ్లు కారులో వెళ్లాలంటే కెనడా వీసా ఉండాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఆ వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు, కార్డు వెంట ఉంటే చాలు. ఇవేవీ వద్దనుకుంటే వేసవిలో సరస్సు మీద పడవ ఉంది, అమెరికా నీళ్లలోనే వెళ్లిపోవచ్చు.