ఆట అయిపోవాలి!

వైకుంఠపాళిలో పెద్దపాము నోట్లో పడి ఎన్నిసార్లు కిందికి జారినా, పైన పరమపదం ఉంటుంది. ఎవరో ఒకరు అక్కడికి చేరతారు, పటం మడిచేస్తారు. అష్టా చెమ్మా కూడా అంతే. అష్టా పడితే మరో పందెం, చెమ్మా పడితే మరో పందెం, అవతలివాళ్ల కాయను చంపితే ఇంకో పందెం. అయినా కాయలన్నీ మధ్యగడి చేరి పండాయంటే ఆట పూర్తయినట్టే. ఓడినవాళ్లు ‘ఇంకో ఆట’ అంటారు. ఆడాలా వద్దా అన్నది అక్కడ కూర్చున్న మనుషులు తేల్చుకుంటారు. ఇప్పుడు ఆ సంగతి ఫోను తేలుస్తోంది. నా బాధంతా దాని గురించే.

గేములు చెడ్డవనే వాళ్ల జట్టులో నేను లేను. సినిమా ఎంత గొప్పదో, మంచి గేమ్ కూడా అంత గొప్పదని గట్టిగా నమ్ముతాను. అందుకే అడుగుతున్నాను: మొదలుపెట్టిన ఆట పూర్తయిందన్న తృప్తి మన దగ్గర్నుంచి ఎవరు పట్టుకుపోయారు?

కరెంటు పోతే మళ్లీ మొదటినుంచి

తొంభైల్లో పెరిగినవాళ్లకి టీవీ గేమ్ గురించి చెప్పక్కర్లేదు. క్యాసెట్టు సరిగా పట్టకపోతే తీసి, అడుగున గట్టిగా ఊది, మళ్లీ పెట్టడం ప్రతి ఇంట్లోనూ జరిగిన పనే. 1985లో వచ్చిన సూపర్ మారియోలో ఎనిమిది లోకాలు, మొత్తం 32 దశలు. ఆడినంతవరకూ దాచుకునే వీలు లేదు. ఏడో లోకంలో ఉండగా కరెంటు పోయిందా, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాల్సిందే. అయినా చివరి కోటలో రాకుమారి ఉందని తెలుసు కాబట్టి వేసవి సెలవులన్నీ ఆ కోటకే ఇచ్చేవాళ్లు.

కాంట్రా గేమ్‌లో ఎనిమిది దశలు. మూడో దశలో జలపాతం మీదుగా పైకి ఎగరాలి. ఇద్దరు ఆడుతుంటే అసలు పరీక్ష అక్కడే. ముందున్నవాడు తొందరపడి పైకి ఎగిరితే తెర కూడా పైకి జరుగుతుంది, కింద మిగిలినవాడి ప్రాణం పోతుంది. ‘ఆగరా, నేనొచ్చాక ఎగురు’ అని తమ్ముడు అరవడం, అన్న ఆగడమో ఆగకపోవడమో... ఒకరికోసం ఒకరు ఆగాలన్న సంగతిని అంత సూటిగా నేర్పిన ఆట ఇంకోటి నాకు కనిపించలేదు. ఎనిమిదో దశ దాటారంటే ఇద్దరూ వీధిలోకి పరిగెత్తి అందరికీ చెప్పుకునేవాళ్లు.

ఇందులో వ్యాపారం సంగతి కూడా ఉంది. క్యాసెట్టు ఒక్కసారి కొంటే అయిపోయేది. ఆ తర్వాత మీరు గంట ఆడినా, వంద గంటలు ఆడినా తయారుచేసినవాడికి వచ్చే రూపాయి లేదు. కాబట్టి ఆటను బాగా ముగించడానికి అతనికేమీ అడ్డు ఉండేది కాదు.

ఉచితంగా వచ్చే ఆట లెక్క వేరు. అక్కడ డబ్బు మనం ఆడటం మొదలుపెట్టాకే వస్తుంది, ఆడుతున్నంతకాలం వస్తూనే ఉంటుంది. 2012లో మొదలైన క్యాండీ క్రష్ సాగాను చూడండి. ఐదు ప్రాణాలు ఇస్తుంది. ఒకటి పోతే తిరిగి రావడానికి అరగంట. ఆగలేకపోతే డబ్బు కట్టాలి. దశలు వేలల్లో ఉన్నాయి, వారం వారం కొత్తవి చేరుతూనే ఉంటాయి. చివరిదాకా వెళ్లినవాళ్లకి దొరికేది వచ్చేవారం దాకా ఎదురుచూపు. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని కాసేపు ఫోను పట్టుకున్న ఇల్లాలికి దక్కాల్సిన విజయం అది కాదు.

జట్టుగా ఆడే బీజీఎంఐ అనే మొబైల్ గేమ్ విషయంలో పిల్లల పక్షానే మాట్లాడతాను. అందులో ఒక్కో మ్యాచ్ దాదాపు అరగంటలో తేలిపోతుంది. విజయవాడలో ఒకడు, హైదరాబాద్‌లో ఇద్దరు, బెంగళూరు హాస్టల్లో ఇంకొకడు మైకులో కేకలు వేసుకుంటూ ఒకరినొకరు కాపాడుకుంటారు. అది నిఖార్సైన ఆట. దాని చుట్టూ అల్లిన సీజన్లు, రోజూ తెరిస్తేనే ఇచ్చే బహుమతులు, కొన్నాళ్లే దొరికే డ్రెస్సులు మాత్రం నాకు మింగుడుపడవు. ఆట ముగిశాక కూడా పిల్లాణ్ని కుర్చీలోంచి లేవనివ్వకపోవడమే వాటి పని.

డబ్బు పెట్టి ఆడే రమ్మీ యాప్‌ల గురించి ఎక్కువ చెప్పను. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో, కేంద్రం 2025లో వాటికి అడ్డుకట్ట వేస్తూ చట్టాలు తెచ్చాయి. మంచిపని.

కథకైనా కంచి ఉండాలి

ఆటల్లోనే కాదు, తెర మీద కథల్లోనూ ఇదే జబ్బు చూస్తున్నాం. ‘కార్తీక దీపం’ సీరియల్ 2017లో మొదలై 2023 దాకా సాగింది. మరుసటి ఏడాదే రెండో భాగం వచ్చేసింది. అందులో నాయిక వంటలక్కని ఇంటి మనిషిలా చూసుకున్న ప్రేక్షకులకి, ఆమె కష్టం తీరిందని తృప్తిపడే వ్యవధి కూడా దక్కలేదు.

సినిమాల్లో ‘బాహుబలి’ దారి వేసింది. 2015లో ఒక ప్రశ్న అడిగింది, 2017లో జవాబు చెప్పింది. మాట నిలబెట్టుకుంది. ‘పుష్ప’ మొదటి భాగం కూడా తనవరకు ఒక పూర్తి కథే. ఆ తర్వాత వచ్చిన ‘సలార్’, ‘దేవర’, ‘కల్కి’ అన్నీ ప్రేక్షకుణ్ని సగంలో నిలబెట్టి పంపించినవే. టికెట్టు ఒక్క సినిమాకి కొన్నప్పుడు ఒక్క కథ పూర్తిగా చూపించి పంపడం మర్యాద. రెండో భాగం ఆ మీదట చూసుకోవచ్చు.

ఇక రీల్స్. వేలితో తోస్తుంటే కింద కొత్తవి వచ్చిపడుతూనే ఉండే ఈ ఏర్పాటును 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ రూపొందించారు. దాని ఫలితం చూసి ఆ తర్వాత ఆయనే బహిరంగంగా పశ్చాత్తాపం చెప్పుకున్నారు.

ముగింపు ఉన్న ఆటలకి ఈ రోజుల్లో ఆదరణ లేదంటే ఒప్పుకోను. 2021లో జనంలోకి వచ్చిన వర్డిల్ రోజుకి ఒక్కటే పజిల్ ఇచ్చింది. ప్రపంచమంతా అదే పజిల్ చేసి, ఒకరికొకరు చెప్పుకుని, ఎవరి పనికి వాళ్లు వెళ్లారు. 2014 నాటి మాన్యుమెంట్ వ్యాలీలో అధ్యాయాలు పదే. ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది, దాని అందం మాత్రం చాలాకాలం మనసులో ఉంటుంది.

టెట్రిస్ ముచ్చట కూడా చెప్పాలి. 1984లో మాస్కోలో పుట్టిన ఆ ఆటకి గెలుపు అనేదే లేదని దశాబ్దాలపాటు అందరూ అనుకున్నారు. 2023 డిసెంబరులో అమెరికాలో ఒక 13 ఏళ్ల కుర్రాడు పాత నింటెండో మీద 157వ లెవెల్ దాకా ఆడి, యంత్రమే ఇక కదల్లేక ఆగిపోయేలా చేశాడు. ఆ పని చేసిన మొదటి మనిషి అతనే. ముగింపే లేదన్న ఆటకి కూడా ముగింపు వెతికి పట్టుకున్నాడు.

అమ్మానాన్నలకి ఒక మాట. పిల్లలకి ‘పది నిమిషాలే’ అని గడువు పెట్టకండి. ‘రెండు మ్యాచులు’ అని చెప్పండి. గడియారం చూసి మ్యాచ్ మధ్యలో ఫోను లాక్కుంటే, మైకులో ఉన్న ముగ్గురు స్నేహితుల ముందు వాడు మాట తప్పినవాడవుతాడు. ఆట అయ్యాక అడిగితే మారుమాట్లాడకుండా ఇచ్చే పిల్లలే ఎక్కువ.

హైదరాబాద్ గేమ్ స్టూడియోల్లో పనిచేస్తున్న మనవాళ్లకి ఒక విన్నపం. ఒక ఆదివారం మధ్యాహ్నం మొదలుపెడితే రాత్రి భోజనాల వేళకి అయిపోయే తెలుగు గేమ్ ఒకటి చేసిపెట్టండి. ప్రకటనలు వద్దు, ప్రాణాలు అమ్మొద్దు. ఒక్కసారి ధర చెప్పండి, కొనుక్కుంటాం.