యుద్ధం మొదలుపెట్టే అధికారం ఎవరిది?

2025 జూన్‌లో ఇరాన్‌పై ఇజ్రాయెల్ దాడులు సాగుతున్న రోజుల్లో అమెరికా అధికార రిపబ్లికన్ పార్టీలోనే పెద్ద వాదం చెలరేగింది. టెక్సాస్ సెనేటర్ టెడ్ క్రూజ్‌ను ఇంటర్వ్యూ చేస్తూ టీవీ వ్యాఖ్యాత టక్కర్ కార్ల్‌సన్ ఒక చిన్న ప్రశ్న అడిగారు: ఇరాన్ జనాభా ఎంత? క్రూజ్ చెప్పలేకపోయారు. ఏ ప్రభుత్వాన్ని కూలదోయాలంటున్నారో ఆ దేశంలో జనం ఎందరో కూడా తెలియదా అని కార్ల్‌సన్ నిలదీశారు. ఇద్దరూ ట్రంప్ గెలుపు కోసం పనిచేసినవారే, ఇద్దరూ కన్జర్వేటివ్‌లమని గర్వంగా చెప్పుకునేవారే. అయినా ఒకరికి ఇరాన్ అణు కేంద్రాలను ధ్వంసం చేయడం అత్యవసరంగా తోచింది, మరొకరికి ఇరాక్‌లో చేసిన తప్పే మళ్లీ చేయబోతున్నట్టు తోచింది. ఆ వాదన తేలకముందే, అమెరికా కాలమానం ప్రకారం జూన్ 21 సాయంత్రం, 7 బీ-2 బాంబర్లు ఫోర్డో, నటాంజ్ కేంద్రాలపై 14 బాంబులు వేశాయి. మిస్సౌరీ రాష్ట్రంలోని వైట్‌మన్ స్థావరం నుంచి అవి సుమారు 18 గంటలు ఎగిరి అక్కడికి చేరాయి. ఒక్కో బాంబు బరువు 30,000 పౌండ్లు, అంటే 13 టన్నుల పైమాటే. అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌ను మాత్రం ముందుగా అనుమతి అడగలేదు.

మన దగ్గరికి వచ్చే వార్తలు చదివితే అమెరికన్ కన్జర్వేటివ్‌లు ఒకసారి యుద్ధానికి ఉవ్విళ్లూరేవారిగా, మరోసారి ప్రపంచం ఏమైపోయినా పట్టనివారిగా కనిపిస్తారు. నిజానికి వారిలో మూడు ధోరణులున్నాయి. అమెరికా బలం చూపితేనే శత్రువు వెనక్కి తగ్గుతాడని నమ్మేవారు మొదటి వర్గం. దూరదేశాల యుద్ధాలు తమ సైనికుల ప్రాణాలనూ పన్నుల డబ్బునూ మింగేశాయి కాబట్టి చేతులు కట్టుకోవడమే మేలనేవారు రెండో వర్గం. అసలు సవాలు చైనా నుంచి వస్తోంది, బలగాలను యూరప్‌లోనూ పశ్చిమాసియాలోనూ చెదరగొట్టుకోకుండా ఆసియాకు దాచుకోవాలనేవారు మూడో వర్గం; ఎల్‌బ్రిడ్జ్ కోల్బీ ఈ ఆలోచనకు పేరుపడ్డ ప్రతినిధి. ఈ చీలిక ఎంత లోతైనదో 2024 ఏప్రిల్‌లో ఉక్రెయిన్ సాయంపై ప్రతినిధుల సభలో జరిగిన ఓటింగే చెబుతుంది: రిపబ్లికన్లలో 101 మంది అనుకూలంగా, 112 మంది వ్యతిరేకంగా ఓటేశారు. ఈ మూడు వర్గాల్లో ఎవరి మాట సబబన్నది ఒక్కో సందర్భాన్ని బట్టి మారవచ్చు. దానికి ముందే తేలవలసిన ప్రశ్న ఇంకొకటుంది: యుద్ధం మొదలుపెట్టాలో వద్దో నిర్ణయించేది ఎవరు? ప్రభుత్వాధికారానికి హద్దులుండాలన్నది కన్జర్వేటివ్ సిద్ధాంతానికి పునాది. ఆ హద్దు పన్నులకూ నిబంధనలకూ వర్తించి బాంబులకు వర్తించకపోతే ఆ పునాది నిలవదు.

అమెరికా రాజ్యాంగం ఈ విషయంలో గోడమీద పిల్లివాటంగా ఏమీ లేదు. మొదటి అధికరణం ఎనిమిదో సెక్షన్ యుద్ధం ప్రకటించే అధికారాన్ని కాంగ్రెస్‌కు ఇచ్చింది. రెండో అధికరణం అధ్యక్షుణ్ణి సేనాధిపతిని చేసింది. 1787 ఆగస్టు 17న రాజ్యాంగాన్ని రాసిన ఫిలడెల్ఫియా సభలో ఈ మాటల మీదే చర్చ జరిగింది. ముసాయిదాలో యుద్ధం ‘చేసే’ అధికారం కాంగ్రెస్‌దని ఉంటే, జేమ్స్ మాడిసన్, ఎల్‌బ్రిడ్జ్ గెరీ దాన్ని యుద్ధం ‘ప్రకటించే’ అధికారంగా మార్పించారు. ఉన్నట్టుండి శత్రువు మీదపడితే తిప్పికొట్టే వెసులుబాటు అధ్యక్షుడికి ఉండాలని వారి ఉద్దేశం. అంటే దేశాన్ని కాపాడుకోవడానికి అధ్యక్షుడు ఎవరినీ అడగనక్కర్లేదు, తనంతట తాను యుద్ధానికి దిగాలంటే మాత్రం ప్రజాప్రతినిధులు ఒప్పుకోవాలి. సైన్యానికి కేటాయించే నిధుల గడువు రెండేళ్లకు మించకూడదని అదే సెక్షన్‌లో మరో షరతు ఉంది. యూరప్ రాజుల యుద్ధాలు చూసి విసిగిపోయిన ఆ తరం, ఖడ్గాన్ని ఒకరి చేతిలో, ఖజానాను మరొకరి చేతిలో పెట్టింది. రాజ్యాంగాన్ని రాసినవారి ఉద్దేశాన్ని బట్టే చదవాలని న్యాయస్థానాల్లో పట్టుబట్టే కన్జర్వేటివ్‌లకు ఇంతకంటే స్పష్టమైన ఉద్దేశం ఎక్కడ దొరుకుతుంది?

ఈ పట్టుదల కన్జర్వేటివ్‌లకు కొత్తది కాదు. 1950 జూన్‌లో ఉత్తర కొరియా దక్షిణం మీదికి దండెత్తినప్పుడు డెమోక్రాట్ అధ్యక్షుడు ట్రూమన్ కాంగ్రెస్‌ను అడగకుండానే బలగాలను పంపారు. ఒహాయో సెనేటర్ రాబర్ట్ టాఫ్ట్ అప్పట్లో రిపబ్లికన్ పార్టీకి మారుపేరు లాంటివారు. తీర్మానం పెట్టి ఉంటే తాను అనుకూలంగానే ఓటేసేవాణ్ణని ఆయన సెనేట్‌లో చెప్పారు, అయినా అడగకుండా దిగడం కాంగ్రెస్ అధికారాన్ని కాజేయడమేనని తప్పుపట్టారు. తాను మెచ్చిన యుద్ధానికి కూడా పద్ధతి తప్పకూడదన్న ఆ మాటలోనే సిద్ధాంతానికీ పార్టీ ప్రయోజనానికీ మధ్య తేడా తెలుస్తుంది. ట్రూమన్ దాన్ని యుద్ధమని కాక పోలీసు చర్యగా ఒప్పుకున్నారు. అది ముగిసేసరికి 36,000 మందికి పైగా అమెరికన్ సైనికులు చనిపోయారు. ఆ తర్వాత వచ్చిన ఐసెన్‌హోవర్ స్వయంగా అయిదు నక్షత్రాల జనరల్. అయినా 1955లో తైవాన్ రక్షణ కోసం బలగాలను వాడవలసి రావచ్చని ముందే కాంగ్రెస్ దగ్గరికి వెళ్లి తీర్మానం తెచ్చుకున్నారు. రెండో ప్రపంచయుద్ధంలో మిత్రసేనలను నడిపించిన సేనాని అనుమతి అడగడం బలహీనత అనుకోలేదు.

మరి ఇప్పటి కన్జర్వేటివ్‌ల తీరు చూద్దాం. 2011లో ఒబామా లిబియాపై వైమానిక దాడులకు దిగినప్పుడు రిపబ్లికన్ల చేతిలో ఉన్న ప్రతినిధుల సభ ఆ చర్యకు అనుమతిచ్చే తీర్మానాన్ని 295-123 ఓట్లతో తిరస్కరించింది. 2013లో సిరియా ప్రభుత్వం రసాయన ఆయుధాలు వాడిందని ఒబామా దాడికి సిద్ధమై కాంగ్రెస్ అనుమతి కోరితే, రిపబ్లికన్ల నుంచి వచ్చింది ఎక్కువగా వ్యతిరేకతే. 2017 ఏప్రిల్‌లో అదే సిరియాలో, అదే కారణంతో, ట్రంప్ ఎవరినీ అడగకుండా 59 టొమహాక్ క్షిపణులు ప్రయోగిస్తే ఆ పార్టీలో అత్యధికులు చప్పట్లు కొట్టారు. వాషింగ్టన్ పోస్ట్, ఏబీసీ కలిసి చేసిన సర్వేల్లో సిరియాపై దాడిని సమర్థించిన రిపబ్లికన్ ఓటర్లు 2013లో 22 శాతం, 2017లో 86 శాతం. డెమోక్రాట్లలో ఆ సంఖ్య దాదాపు మారలేదు. దేశం మారలేదు, నియంత మారలేదు, ఆయుధం మారలేదు. శ్వేతసౌధంలో కూర్చున్న మనిషి మారాడు. డెమోక్రాట్ల లెక్క కూడా ఎప్పుడూ సరిగ్గా ఉందని కాదు. లిబియాలో జరుగుతున్నది 1973 యుద్ధాధికారాల తీర్మానంలో చెప్పిన పోరాటం కిందికే రాదని వాదించింది ఒబామా ప్రభుత్వమే. అయితే అధికారానికి హద్దులుండాలన్న మాటను జెండాగా ఎత్తుకున్న పార్టీకే ఆ జెండాను దించే ముందు ఎక్కువ జవాబుదారీతనం ఉంటుంది.

ముందే కాంగ్రెస్ అనుమతి తీసుకోవాలన్న వాదనకు వచ్చే మొదటి అభ్యంతరం వేగం గురించి. ఖండాంతర క్షిపణి అరగంటలో వచ్చి పడే రోజుల్లో, 535 మంది సభ్యుల చర్చ ముగిసేదాకా ఆగితే దేశం మిగులుతుందా అంటారు. మీదికి వచ్చే క్షిపణికి జవాబివ్వడానికి అనుమతి అక్కర్లేదని 1787లోనే తేలింది. 1973లో నిక్సన్ వీటోను తోసిరాజని తెచ్చిన యుద్ధాధికారాల తీర్మానం కూడా అధ్యక్షుడి చేతులు కట్టేయలేదు. బలగాలను పోరుకు దించితే 48 గంటల్లో కాంగ్రెస్‌కు తెలపాలనీ, ఆమోదం రాకపోతే 60 రోజుల్లో ఆపాలనీ, వెనక్కి రప్పించడానికి మరో 30 రోజులు తీసుకోవచ్చనీ మాత్రమే అంది. ఇరాన్ విషయంలో ఆకస్మికత లేనే లేదు. దాడి చేయాలా వద్దా అన్న చర్చ వారం పాటు టీవీల్లో బహిరంగంగా నడిచింది. ముందే అడిగితే రహస్యం పోతుందన్న భయానికి 1991 గల్ఫ్ యుద్ధమే సమాధానం. ఆ జనవరి 12న సెనేట్ 52-47తో, ప్రతినిధుల సభ 250-183తో అనుమతిచ్చాయి. కొద్దిరోజులకే యుద్ధం మొదలైంది, వారాల్లో గెలుపుతో ముగిసింది. ఎప్పుడు, ఎక్కడ, ఏ విమానంతో అన్నది సేనాధిపతి రహస్యం. యుద్ధానికి దిగాలా వద్దా అన్నది ప్రజల నిర్ణయం.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. ఒక్క రాత్రి దాడిని యుద్ధమంటారా, ఒక్క అమెరికన్ సైనికుడైనా చనిపోలేదు కదా అంటారు. పెర్ల్ హార్బర్ దాడి కూడా ఒక్క పూట వ్యవహారమే; దాన్ని యుద్ధం కాదని ఏ అమెరికన్ అంటాడు? దాడి చిన్నదా పెద్దదా అన్నది మనం అనుకున్నంత మాత్రాన తేలదు, అవతలివాడు ఏం చేస్తాడన్నదాన్ని బట్టి తేలుతుంది. ఈసారి ఇరాన్ లెక్క చూసుకుని జవాబిచ్చింది, కాల్పుల విరమణ కుదిరింది. ఫలితం అనుకూలంగా వచ్చినంత మాత్రాన పద్ధతి సరైనదని కాదు. ఇక మూడో అభ్యంతరం: 2002లో ఇరాక్ యుద్ధానికి కాంగ్రెస్ అనుమతి ఇవ్వనే ఇచ్చింది, ఏం ఒరిగింది? సెనేట్‌లో 77-23, ప్రతినిధుల సభలో 296-133. ఆ సభలో కాదన్న రిపబ్లికన్లు ఆరుగురే. దాదాపు 4,500 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు, ఇరాకీల ప్రాణనష్టం అంతకు ఎన్నో రెట్లు. ఓటింగ్ జరిగినంత మాత్రాన వివేకం వస్తుందన్న హామీ లేదు, నిజమే. అయితే ఎవరు చేయెత్తారో రికార్డులో మిగిలింది. అనుకూలంగా వేసిన ఆ ఓటు 2008 అధ్యక్ష అభ్యర్థిత్వ పోటీలో హిల్లరీ క్లింటన్‌ను వెంటాడింది. 2016 ఫిబ్రవరిలో సౌత్ కరోలినా చర్చావేదిక మీద ఇరాక్ యుద్ధం ఘోరమైన తప్పని ట్రంప్ అనగలిగారు. వారం తిరిగేసరికి అదే రాష్ట్రంలో రిపబ్లికన్ ప్రైమరీ గెలిచారు. ఓటు లేని యుద్ధానికి ఇలా లెక్క అడిగే వీలే ఉండదు.

బలం చూపితేనే శాంతి అన్న రీగన్ మాటను మొదటి వర్గం తరచూ గుర్తుచేస్తుంది. రీగన్ హయాంలో అమెరికా సైన్యం బాగా పెరిగిన మాట నిజం. కానీ అదే హయాంలో, 1983 అక్టోబర్‌లో బీరూట్ బారక్స్‌పై ట్రక్కు బాంబు దాడిలో 241 మంది అమెరికన్ సైనికులు చనిపోతే, కొద్ది నెలల్లోనే ఆయన బలగాలను లెబనాన్ నుంచి రప్పించారు. ఆ మరుసటి ఏడాది నవంబర్‌లో ఆయన రక్షణమంత్రి కాస్పర్ వైన్‌బర్గర్, సైన్యాన్ని పోరుకు పంపేముందు దాటవలసిన ఆరు పరీక్షలను ప్రకటించారు. దేశానికి అది ప్రాణప్రదమైన అవసరమేనా, లక్ష్యం స్పష్టమేనా అన్నవాటితో పాటు, ప్రజలూ కాంగ్రెస్సూ వెంట నిలుస్తారన్న నమ్మకం ఉందా అన్నది అందులో ఒకటి. రీగన్ కూడా 1983లో గ్రెనడాలో అడగకుండానే దిగారు కాబట్టి ఆయనను మచ్చలేని ఉదాహరణగా చూపలేం. కానీ ఆయన ప్రభుత్వం అనుభవంతో నేర్చిన పాఠం మాత్రం దేశమంతా వెనక నిలిచిన సైన్యమే బలమైనదని. ఒక్క మనిషి నిర్ణయంతో వెళ్లిన సైన్యం ఆ మనిషి మారగానే వెనుదిరుగుతుందని శత్రువుకూ తెలుసు.

కాంగ్రెస్ తప్పు కూడా తక్కువ కాదు. 2025 జూన్ 17న కెంటకీ రిపబ్లికన్ థామస్ మాసీ, కాలిఫోర్నియా డెమోక్రాట్ రో ఖన్నా కలిసి, అనుమతి లేకుండా ఇరాన్‌పై యుద్ధానికి దిగరాదంటూ తీర్మానం పెట్టారు. జూన్ 27న సెనేట్‌లో అలాంటి తీర్మానమే 47-53తో వీగిపోయింది. అనుకూలంగా ఓటేసిన రిపబ్లికన్ ఒకే ఒక్కరు, కెంటకీ సెనేటర్ రాండ్ పాల్. ఓటేస్తే బాధ్యత మీద పడుతుంది, ఊరుకుంటే గెలుపులో వాటా, ఓటమిలో నింద తప్పించుకునే వీలు రెండూ దక్కుతాయి. సభ్యులు మౌనాన్ని ఇష్టపడేది అందుకే. అయితే దారి పూర్తిగా మూసుకుపోలేదు. 2020లో ఇరాన్ సేనాని సులేమానీ హత్య తర్వాత ట్రంప్ యుద్ధాధికారానికి పగ్గం వేసే తీర్మానం 55-45తో సెనేట్ దాటింది, 8 మంది రిపబ్లికన్లు మద్దతిచ్చారు. ట్రంప్ వీటో చేశారు. 2023లో పాతబడిన ఇరాక్ యుద్ధ అనుమతులను రద్దు చేయాలని సెనేట్ 66-30తో ఓటేసినప్పుడు 18 మంది రిపబ్లికన్లు చేయి కలిపారు. ఆ 18 మంది యుద్ధాలంటే గిట్టనివారేమీ కాదు.

ఇదంతా వాషింగ్టన్ గొడవ, మనకేమిటి అనుకోవడానికి వీల్లేదు. ఫోర్డోపై బాంబులు పడిన రెండు రోజులకే, జూన్ 23న, ఇరాన్ ఖతార్‌లోని అల్ ఉదైద్ అమెరికన్ స్థావరంపై క్షిపణులు ప్రయోగించింది, ఖతార్ గగనతలం మూతపడింది. నిజామాబాద్, కరీంనగర్, కోనసీమ, కడప ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు పనికి వెళ్లిన మనవాళ్ల కుటుంబాలకు ఆ యుద్ధం ఎంత దగ్గరిదో చెప్పనక్కర్లేదు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇంకో బంధం ఉంది. అక్కడ పుట్టిన మగపిల్లలూ, గ్రీన్‌కార్డు ఉన్న యువకులూ 18 నుంచి 25 ఏళ్ల మధ్య సెలెక్టివ్ సర్వీస్ జాబితాలో పేరు ఉండాలన్నది చట్టం. 1973 తర్వాత నిర్బంధ సైనిక సేవ లేదు, కానీ ఆ జాబితా ఇంకా ఉంది. ఆ పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది ఓటర్లు. ఏ పార్టీకి ఓటేసినా, తమ ప్రతినిధిని ఒక ప్రశ్న అడిగే హక్కు వారికుంది: మా బిడ్డలను యుద్ధానికి పంపే రోజు వస్తే మీరు చేయెత్తి చెబుతారా, తల దించుకుంటారా?

అమెరికన్ కన్జర్వేటివ్‌లు ఇరాన్‌పైనో చైనాపైనో ఉక్రెయిన్‌పైనో ఒకే మాట మీదికి రాకపోవచ్చు, రానక్కర్లేదు. బతికున్న ఉద్యమంలో భేదాలుంటాయి. కానీ పద్ధతి విషయంలో టాఫ్ట్ చూపిన దారి మూడు వర్గాలకూ సరిపోతుంది: యుద్ధం కావాలనేవారు సభలో ఒప్పించి గెలవాలి, వద్దనేవారు సభలో ఎదిరించి ఓడించాలి. తమ అధ్యక్షుడు అధికారంలో ఉన్నప్పుడే దీన్ని పాటించడం కష్టం. విలువ ఉండేదీ అప్పుడే. అలా పాటించకపోతే రేపు ప్రత్యర్థి అధ్యక్షుడు ఆ పీఠమెక్కి ఇష్టానుసారం బాంబర్లు పంపినప్పుడు అడ్డుచెప్పే నైతిక హక్కు వారికి మిగలదు.