మైక్రోగ్రాముల్లో ఊపిరి: పీల్చే స్టెరాయిడ్ కథ

ఇంగ్లండ్‌లోని డెర్బీ పట్టణంలో హ్యారీ మారో బ్రౌన్ అనే ఛాతీ వైద్యుడు ఉండేవారు. ఆయన బల్ల మీద స్టెతస్కోపుతో పాటు మైక్రోస్కోపు కూడా ఉండేది. ఉబ్బసంతో వచ్చినవారి తెమడను గాజుపలక మీద పూసి, అందులో ఇయోసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు ఉన్నాయేమోనని వెతికేవారు. ఆ కణాలు బాగా కనిపించినవారికే స్టెరాయిడ్ మందు పనిచేస్తుందని 1958లోనే లాన్సెట్ పత్రికలో రాశారు. 1972లో ఆయన బృందం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మరో వ్యాసం ప్రచురించింది. బెక్లోమెథాసోన్ అనే స్టెరాయిడ్‌ను పంపు ద్వారా 60 మంది ఉబ్బస రోగులకు, కొందరికి 15 నెలల దాకా, ఇచ్చి చూశారు. అప్పటికే స్టెరాయిడ్ మాత్రల మీద బతుకుతున్నవాళ్లు అందులో 37 మంది. వాళ్లలో 28 మందిని మెల్లగా మాత్రల నుంచి పంపుకు మార్చగలిగారు.

ఈ అంకె విలువ తెలియాలంటే ఆ మాత్రలు మనిషిని ఏం చేసేవో తెలియాలి. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్, ఎడ్వర్డ్ కెండాల్ కార్టిసోన్ అనే స్టెరాయిడ్‌ను కీళ్లవాతం రోగులకు ఇచ్చినప్పుడు మంచం పట్టినవాళ్లు లేచి నడిచారు. రెండేళ్లకే, 1950లో, తడేయస్ రైక్‌స్టైన్‌తో కలిపి వాళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది. ఉబ్బసానికి కూడా ఆ కుటుంబపు మందులు అద్భుతంగా పనిచేశాయి. అయితే నెలల తరబడి మింగినవాళ్లకు ముఖం గుండ్రంగా ఉబ్బింది, ఎముకలు గుల్లబారాయి, షుగరు, బీపీ పెరిగాయి, పిల్లల ఎదుగుదల మందగించింది. మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు తమ పని మానేసి నిద్రపోయేవి. ‘స్టెరాయిడా, వద్దు డాక్టరుగారూ’ అని ఇప్పటికీ మన ఇళ్లలో వినిపించే భయం అక్కడ పుట్టింది. ఆ భయం నిజమైనదే. కానీ దాన్ని పోగొట్టడానికి కనిపెట్టిన పంపునే ఈ రోజు అదే భయంతో పక్కన పెడుతున్నాం. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

మందును పొగగానో ఆవిరిగానో పీల్చడం కొత్త సంగతి కాదు. 1778లో ప్లిమత్ వైద్యుడు జాన్ మడ్జ్ మూతకు గొట్టం బిగించిన ఒక లోహపు చెంబును దగ్గు కోసం తయారు చేసి, దానికి ఇన్‌హేలర్ అని పేరు పెట్టారు. మద్రాసులో పనిచేసిన జేమ్స్ ఆండర్సన్ అనే ఈస్టిండియా కంపెనీ వైద్యుడి దగ్గర ఉమ్మెత్త పొగ సంగతి తెలుసుకుని జనరల్ జెంట్ 1802లో దాన్ని బ్రిటన్‌కు చేర్చారు. అది పీలిస్తే ఉబ్బసం సర్దుకుంటుందని మన నేల మీద ముందునుంచీ తెలుసు. యూరప్ దాన్ని శతాబ్దానికి పైగా ఉబ్బసం సిగరెట్లుగా కాల్చింది. ఆ తరువాత చేత్తో పిండే రబ్బరు బుడగ ఉన్న గాజు స్ప్రేలు వచ్చాయి. అవి చేయి జారితే పగిలిపోయేవి, ఏ పిండుకు ఎంత మందు వస్తుందో చెప్పలేకపోయేవి.

1955లో అమెరికాలో రైకర్ ల్యాబొరేటరీస్ అధిపతి జార్జ్ మేసన్ కూతురికి ఉబ్బసం. జుట్టుకు కొట్టుకునే స్ప్రేలాగా నా మందు కూడా డబ్బాలో ఎందుకు రాదని ఆ అమ్మాయి తండ్రిని అడిగింది. అప్పటికే ఫిలిప్ మెష్‌బర్గ్ అత్తరు సీసాల కోసం నొక్కిన ప్రతిసారీ ఒకే కొలత వదిలే కవాటం తయారు చేసి ఉన్నారు. రైకర్ మనుషులు దాన్ని తీసుకుని, ఒత్తిడిలో ద్రవంగా ఉండే వాయువుతో మందు కలిపి, నొక్కుకు 50 మైక్రోలీటర్లు వచ్చేలా అమర్చారు. 1956 మార్చికల్లా మెడిహేలర్ పేరుతో అది అమ్మకానికి వచ్చింది. నేడు జేబుల్లో తిరిగే పంపుకు ప్రాణం ఆ చిన్న కవాటమే.

మెడిహేలర్‌లో ఉన్నవి అడ్రినలిన్, ఐసోప్రినలిన్. బిగుసుకున్న శ్వాసనాళాల కండరాలను అవి నిమిషాల్లో వదులు చేస్తాయి. నాళాల లోపలి వాపును మాత్రం తాకవు. ఆ తేడా ఎంత ప్రమాదమో 1960లలో బ్రిటన్‌కు తెలిసొచ్చింది. గాఢత ఎక్కువ ఉన్న ఐసోప్రినలిన్ పంపులు మందుల దుకాణాల్లో చీటీ లేకుండా దొరికిన ఆ కాలంలో ఇంగ్లండ్, వేల్స్‌లలో ఉబ్బస మరణాలు ఎగబాకాయి. 10 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో ఏడేళ్లలో దాదాపు 8 రెట్లు పెరిగాయని 1968లో స్పైజర్, డాల్, హీఫ్ లెక్క తేల్చారు. మందే చంపిందా, పంపు ఇచ్చిన ఉపశమనాన్ని నమ్మి ఆసుపత్రికి ఆలస్యంగా రావడం చంపిందా అన్న వాదన చాలా కాలం సాగింది. వైద్యులకు హెచ్చరికలు వెళ్లి, చీటీ తప్పనిసరి అయ్యాక మరణాలు తగ్గాయి. నా దృష్టిలో పంపు చరిత్రలో ఇంతకన్నా ముఖ్యమైన ఘట్టం లేదు. ఆయాసం తగ్గడం, జబ్బు తగ్గడం ఒకటి కాదని ఆ పిల్లల ప్రాణాలు పోయాక గాని లోకానికి అర్థం కాలేదు.

హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని వేర్ పట్టణంలో, అలెన్ అండ్ హాన్‌బరీస్ ప్రయోగశాలకు డేవిడ్ జాక్ నాయకుడు. ఆయన బృందం గుండెను తక్కువగా కదిలించే సాల్బుటమాల్‌ను 1969లో మార్కెట్‌లోకి తెచ్చింది. అంతటితో ఆగకుండా స్టెరాయిడ్ వైపు తిరిగింది. అంతకు ముందే కొందరు హైడ్రోకార్టిసోన్ పొడిని, డెక్సామెథాసోన్ స్ప్రేను పీల్పించి చూశారు. మొదటిదానికి బలం చాలలేదు. రెండోది ఊపిరితిత్తుల గుండా రక్తంలోకి చేరి, మాత్ర చేసే హానే చేసింది. జాక్ బృందం చూపు చర్మపు పూతమందుల మీద పడింది. ముంజేతి మీద స్టెరాయిడ్ చుక్క వేస్తే చర్మం ఎంత తెల్లబడుతుందో చూసి దాని బలం కొలిచే పద్ధతిని మెకెంజీ 1962లో చెప్పి ఉన్నారు. బెక్లోమెథాసోన్ డైప్రోపియోనేట్ ఆ పరీక్షలో గట్టిగా నిలిచిన పూతమందు. తగిలిన చోట బలంగా, మింగితే బలహీనంగా పనిచేసే మందు కావాలనుకున్న వాళ్లకు అది దొరికింది. దాన్నే పంపులో పెట్టారు. మారో బ్రౌన్ చేతికి వచ్చింది అదే. స్వీడన్‌లోని లుండ్ నగరంలో రాల్ఫ్ బ్రాట్‌సాండ్ బృందం బుడెసొనైడ్ అనే మరో స్టెరాయిడ్‌ను తీర్చిదిద్దింది, ఆపైన ఫ్లూటికాసోన్ వచ్చింది.

పంపు నొక్కినప్పుడు వచ్చే మందులో సుమారు 10 నుంచి 20 శాతమే ఊపిరితిత్తులకు చేరుతుంది. మిగిలింది నోట్లో, గొంతులో పడి కడుపులోకి పోతుంది. పేగుల నుంచి రక్తం ముందుగా కాలేయానికే వెళ్తుంది గనుక, అక్కడే ఆ మందు చాలావరకు విరిగిపోతుంది. బుడెసొనైడ్‌లో దాదాపు 90 శాతం, ఫ్లూటికాసోన్‌లో దాదాపు మొత్తం ఇలా పోతాయి. మోతాదు చూడండి. ఆయాసం ముదిరినప్పుడు పెద్దవాళ్లకు ఇచ్చే ప్రెడ్నిసొలోన్ మాత్రలు రోజుకు 40 మిల్లీగ్రాముల దాకా ఉంటాయి. బుడెసొనైడ్ పంపులో ఒక పఫ్ 200 మైక్రోగ్రాములు అనుకుందాం, 40 మిల్లీగ్రాములంటే బరువులో అలాంటి 200 పఫ్‌లు. రెండింటి బలం ఒకటి కాదు కనుక ఈ పోలిక బరువుకే పరిమితం. అయినా శరీరం మొత్తానికి పడే భారం ఎందుకంత తక్కువో ఇందులో కనిపిస్తుంది.

కానీ ఆ 10, 20 శాతమైనా చేరాలంటే చేయి, ఊపిరి కలిసి పనిచేయాలి. మందు కణం 1 నుంచి 5 మైక్రాన్ల మధ్య ఉంటేనే లోపలి సన్నని నాళాలదాకా పోతుంది, పెద్దదైతే గొంతు వెనక గోడకే అంటుకుంటుంది. డబ్బాలో మందు అడుగున పేరుకుంటుంది కాబట్టి ముందు బాగా కుదపాలి. ఊపిరి పూర్తిగా వదిలి, పెదాలు బిగించి, పీల్చడం మొదలుపెడుతూ నొక్కి, నెమ్మదిగా నిండా పీల్చి, పది సెకన్లు బిగబట్టాలి. చాలామంది గబుక్కున పీలుస్తారు, అప్పుడు మందంతా గొంతులోనే ఉండిపోతుంది. పంపుకు స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టం తగిలిస్తే ఈ తొందర అక్కర్లేదు, నోట్లో పడే మందు కూడా బాగా తగ్గుతుంది. పిల్లలకైతే స్పేసర్ లేకుండా ఈ పంపు ఇవ్వకూడదనే అంటాను. స్పేసర్‌ను సబ్బునీళ్లలో కడిగి, గుడ్డతో తుడవకుండా ఆరనివ్వాలి. తుడిస్తే పుట్టే స్థిర విద్యుత్తు మందును గోడలకు లాగేసుకుంటుంది.

పొడిమందు పరికరాల తీరు పూర్తిగా వేరు. వాటి వెనక రోజర్ అల్టౌన్యాన్ ఉన్నారు. ఆయనకే ఉబ్బసం. రెండో ప్రపంచయుద్ధంలో విమానం నడపడం నేర్పినవారు. తనకు పడని గినియా పందుల నూగును తానే పీల్చి, ఆయాసం తెచ్చుకుని, ఏ మందు ఆపుతుందో తన ఒంటి మీదే పరీక్షించుకుంటూ క్రోమోగ్లైకేట్‌ను కనిపెట్టారు. దాన్ని పీల్చడానికి, గాలి పీల్చుతుంటే లోపల చిన్న పంకా తిరిగి పొడిని చిమ్మే స్పిన్‌హేలర్‌ను రూపొందించారు. అందులో గ్యాసు లేదు, పీల్చే మనిషి బలమే చోదకశక్తి. మన దగ్గర క్యాప్సూల్ వేసుకుని పీల్చే రోటాహేలర్‌కూ సూత్రం అదే. కాబట్టి దాన్ని నెమ్మదిగా కాక గట్టిగా, వేగంగా పీల్చాలి. క్యాప్సూల్‌ను మింగకూడదు, ముందే విప్పి ఉంచకూడదు. తీరప్రాంతపు తేమ గాలికి పొడి ముద్ద కడుతుంది.

ఏ పరికరమైనా స్టెరాయిడ్ పీల్చాక నోరు నీళ్లతో పుక్కిలించి ఉమ్మేయాలి. ఇది చేయనివాళ్లకు నాలుక మీద తెల్లని పూత, అంటే కాండిడా అనే బూజు ఇన్ఫెక్షన్, రావచ్చు. గొంతు బొంగురుపోవచ్చు. పళ్లు తోముకునే ముందు పంపు తీసుకుంటే పుక్కిలించడం గుర్తుంటుంది. పెద్ద మోతాదులు ఏళ్ల తరబడి వాడినవాళ్లకు కంటి శుక్లాలు, ఎముకలు పలచబడడం, అడ్రినల్ గ్రంథుల మందకొడితనం వచ్చే అవకాశం ఉంది. అందుకే మూడు నెలలు ఉబ్బసం అదుపులో ఉంటే మోతాదు తగ్గించవచ్చేమో వైద్యుణ్ణి అడగాలి. హెచ్‌ఐవీకి వాడే రిటోనవిర్, ఫంగస్‌కు వాడే ఇట్రాకొనజోల్ వంటివి కాలేయంలో ఈ స్టెరాయిడ్ విరిగే దారిని మూసేస్తాయి. వాటిని ఎవరైనా రాస్తుంటే పంపు సంగతి ముందే చెప్పాలి.

పిల్లల ఎత్తు గురించి తల్లిదండ్రుల బెంగకు నిజాయితీగా జవాబివ్వాలి. ఉత్తర అమెరికాలో బుడెసొనైడ్‌ను కొన్నేళ్లు వాడిన పిల్లలు పెద్దయ్యాక, మందు లేనివారికన్నా సగటున 1.2 సెంటీమీటర్లు పొట్టిగా ఉన్నారని 2012లో తేలింది. తేడా ఉన్న మాట నిజం. రాత్రుళ్లు నిద్ర లేకుండా, బడి పోగొట్టుకుంటూ, మళ్లీ మళ్లీ మాత్రల స్టెరాయిడ్లు మింగే పిల్లవాడి నష్టంతో దాన్ని తూచి చూడాలి.

రెండో పళ్లెంలో ఏముందో కెనడాలో శామీ సూయిస్సా బృందం 2000లో చూపింది. సస్కాచవాన్ రాష్ట్రపు మందుల రికార్డులు పరిశీలిస్తే, గడిచిన ఏడాదిలో వాడిన ఒక్కో అదనపు స్టెరాయిడ్ పంపుతో ఉబ్బస మరణపు రేటు 21 శాతం చొప్పున తగ్గింది. పంపు మానేసిన మొదటి మూడు నెలల్లో మరణాలు ఎక్కువ. పంపు అలవాటవుతుందేమోనని బాగుండగానే మానేసేవాళ్లకు ఈ మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది. ఇది మత్తుమందులా అలవాటు కాదు. వాపు లోపల మిగిలే ఉంటుంది, మందు ఆపితే వారాల్లో తిరిగి తలెత్తుతుంది.

2019 నాటి ప్రపంచవ్యాప్త అంచనాల ప్రకారం లోకంలోని ఉబ్బస రోగుల్లో సుమారు 13 శాతం మంది మన దేశంలో ఉన్నారు, ఉబ్బస మరణాల్లో మాత్రం 40 శాతానికి పైగా ఇక్కడే. సాల్బుటమాల్ పంపు దుకాణంలో అడగగానే దొరుకుతుంది, నొక్కగానే హాయినిస్తుంది. స్టెరాయిడ్ పంపు ఈ పూట ఏమీ చేసినట్టు కనిపించదు, పని మొదలవడానికి రోజులు పడుతుంది. డబ్బులు చాలనప్పుడు ఇంట్లో ముందు ఆగిపోయేది ఏదో ఊహించడం కష్టం కాదు. ఏ పంపు ఏదో గుర్తించడానికి రంగుల మీద ఆధారపడకండి, కంపెనీని బట్టి మారతాయి, డబ్బా మీది మందు పేరు చదవాలి. మృగశిర కార్తెకు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఉబ్బసానికని ఇచ్చే చేప ప్రసాదం కోసం బారులు తీరేవారి నమ్మకం వారిది. వెళ్లేవాళ్లు జేబులో పంపు ఉంచుకోవాలి, తిరిగొచ్చాక స్టెరాయిడ్ పంపు మానకూడదు. మాట పూర్తి చేయలేనంత ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా, పంపు కొట్టినా తెరిపి లేకపోయినా ఇంటి వైద్యం ఆపి 108కి ఫోన్ చేయాలి.

పంపు లోపలి గ్యాసు కూడా మారింది. తొలినాటి సీఎఫ్‌సీ వాయువులు ఓజోన్ పొరను తినేస్తాయని 1987 మాంట్రియల్ ఒప్పందం తరువాత హెచ్‌ఎఫ్‌ఏ వాయువులకు మార్చారు. అవి కూడా భూతాపాన్ని పెంచేవే కనుక కంపెనీలు మళ్లీ కొత్త వాయువులు వెతుకుతున్నాయి. మందులో వచ్చిన మార్పు ఇంకా పెద్దది. పెద్దలకూ, పన్నెండేళ్లు దాటిన పిల్లలకూ సాల్బుటమాల్ ఒక్కటే ఇవ్వడం ఇక వద్దని అంతర్జాతీయ ఉబ్బస మార్గదర్శక సంస్థ జినా 2019లో చెప్పింది. బుడెసొనైడ్‌ను, వెంటనే పనిచేసే ఫార్మోటెరాల్‌ను ఒకే పంపులో కలిపి, ఆయాసం వచ్చినప్పుడు పీల్చితే, ఉపశమనం కోసం నొక్కిన ప్రతిసారీ వాపు తగ్గించే మందు కూడా లోపలికి పోతుంది. ఈ కలగలుపు పంపులు మన ఊళ్ల మందుల దుకాణాల్లో ఉన్నాయి. ఇన్నాళ్లూ సాల్బుటమాల్ ఒక్కదానితో నెట్టుకొస్తున్నవాళ్లు ఈసారి వైద్యుడి దగ్గరికి వెళ్లినప్పుడు, ఇది నాకు సరిపోతుందా, రోజుకు గరిష్ఠంగా ఎన్ని పఫ్‌లు అని అడిగి, మీ పంపు ఆయన ముందే ఒకసారి పీల్చి చూపించండి.