మినీవ్యాన్‌కు గాలి పెట్టే ఖర్చు

మినీవ్యాన్ ఎత్తుగా, వెడల్పుగా ఉంటుంది. వెనక భాగం గోడలా నిటారుగా తెగిపోతుంది. ఆ గోడ వెనక గాలి సుడులు తిరిగి, పీడనం తగ్గి, బండిని వెనక్కి లాగుతుంది. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది. అందుకే గాలి నిరోధం తగ్గించడానికి బండికి చేసే మార్పుల ఫలితం ఊళ్లో ట్రాఫిక్‌లో కంటే హైవే మీదే తెలుస్తుంది.

కొత్తవి బిగించే ముందు ఉన్నవి విప్పాలి. అమెరికా ఇంధన శాఖ లెక్కలో టాప్ మీది పెద్ద సామాను పెట్టె హైవే మైలేజీని 6 నుంచి 17 శాతం తగ్గిస్తుంది. పెట్టెను బండి వెనక తగిలిస్తే నష్టం 1 నుంచి 5 శాతమే. ఖాళీ క్యారియర్ కూడా దండగే.

తర్వాత బండి అడుగు. వంగి చూస్తే సైలెన్సర్ గొట్టం, యాక్సిల్, ట్యాంకు పట్టీలు, అన్నీ గాలికి అడ్డే. ఇంజిన్ కింద పల్చటి ప్లాస్టిక్ షీటు బిగిస్తే గాలి జారిపోతుంది. ఆ షీటు వేడి సైలెన్సర్‌కు తగిలితే మాత్రం కరిగిపోతుంది. గ్రిల్ కొంత మూయడం చలి దేశాల్లో నడుస్తుంది. మే నెల ఎండలో, ఏసీతో ఘాట్ రోడ్డు ఎక్కే బండికి అది ప్రమాదం. చదునైన వీల్ క్యాపులు కొంత తోడ్పడతాయి.

ఫలితం తేలాలంటే గాలి వీయని వేకువన, ఒకే రోడ్డుపై, టైర్లలో ఒకే ప్రెషర్‌తో, పోనూ రానూ నడిపి కొలవాలి.